పేర్లు పడిన తర్వాత

బల్లకట్టు మళ్ళీ మునిగింది. ఎదిల్మా కంట్రోలర్‌ను ఒళ్ళో పెట్టుకుని, కుడి బొటనవేలికి చుట్టిన ప్లాస్టర్ ఊడిపోతుంటే పళ్ళతో పట్టి బిగించుకుంది. తెర నిండా గోధుమరంగు వరదనీరు. ఆ నీటిమీద ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా పైకి పోతున్నాయి. ముగ్గురే. నది ఒడ్డునున్న మగాంగే ఊరివాళ్ళు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక వదిన. ఆ తర్వాత కృతజ్ఞతలు: అమ్మకి, మేనత్తకి, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ ఇచ్చిన వెల్డింగ్ షాపాయనకి. ఆ తర్వాత నల్లటి తెర.

అక్కడ ఎవరైనా ఆట కట్టేసి లేచిపోతారు. ఎదిల్మా లేవలేదు, ఏ మీటా నొక్కలేదు. కాసేపటికి చీకట్లోంచి నీటి చప్పుడు వినిపించింది. వరద తీస్తోంది. ముందు ఒక కొమ్మ, తర్వాత బురదలో కూరుకున్న బల్లకట్టు అంచు, తర్వాత ఒడ్డున చెయ్యెత్తి పిలుస్తున్న ఒక ముసలమ్మ. అసలు ఆట అక్కడే మొదలవుతుంది. అంతవరకూ వరదకు భయపడి అవతలికి దాటించిన మనుషులందరినీ ఇప్పుడు తిరిగి వాళ్ళ ఇళ్ళకు చేర్చాలి. గోడలమీద నీటి గీత పడ్డ ఇళ్ళకు.

దాన్ని మొదటిసారి చూసిన రోజు ఎదిల్మా కంట్రోలర్ పక్కనపెట్టి సిలువ గుర్తు వేసుకుంది. ఇన్నేళ్ళ పనిలో ఏ ఆటకీ అలా వేసుకోలేదు.

ఆమె ఆడే గది నాఫెర్ దాసా ఇంటి పెరటి వైపు ఉంది. ఒక మంచం, ఒక టీవీ, ఒక బల్ల, మూల తిరుగుతూ టకటకమనే ఫ్యాను. కిటికీకి నల్ల గుడ్డ కట్టారు, తెరమీద ఎండ పడకూడదని. అయినా తీరపట్నం బర్రాన్‌కీయా ఎండ ఆ గుడ్డలోంచి కాక పంపుతూనే ఉంటుంది. నలభై ఏడేళ్ళ ఎదిల్మా మెడ ముందుకు వంగిపోయింది. మణికట్లు రెండూ సాయంత్రానికి ఉబ్బుతాయి. కళ్ళకింద చర్మం నల్లబడి, ముడతలు పడి, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంటుంది. వేళ్ళు మాత్రం పదిహేనేళ్ళ పిల్లవి. తెరమీద ఏదైనా కదిలేలోపే అవి కదులుతాయి.

నాఫెర్‌ను ఆ తీరమంతా జడ్జి అంటారు. ప్రతి శుక్రవారం సాయంత్రం నల్ల గౌను వేసుకుని, కొయ్యసుత్తి ముందు పెట్టుకుని, తన ఛానెల్లో లైవ్‌లో కూర్చుని, కొత్తగా వచ్చిన ఒక ఆటకు పదికి ఇన్ని అని తీర్పు చెప్తాడు. లక్షలమంది చూస్తారు. అతడి చేతిలో ఒక కంట్రోలర్ ఉంటుంది. అది దేనికీ కలిపి ఉండదు. అతడి వెనక పెద్ద తెరమీద కదిలే ఆటను పెరటి గదిలో ఎదిల్మా ఆడుతుంటుంది. ఫోను ఎదురుగా ఆనించుకుని, అతడి మాటలు వింటూ, దానికి తగ్గట్టు ఆడాలి. అతడు కంట్రోలర్ కిందపెట్టి సుత్తి అందుకోగానే ఆటను దాని పేరుండే మొదటి బొమ్మకు తిప్పేయాలి. చేతిలో ఏమీ లేనివాడి వెనక ఆట కదిలితే ఏం బాగుంటుంది?

ఆమె పద్నాలుగో ఏట బజారు దగ్గరి ఆటల దుకాణంలో చేరింది. అద్దాలు తుడవడం, చిల్లర మార్చడం ఆమె పని. పొద్దున్నే తలుపులు తీయకముందు ఏ యంత్రం నడుస్తోందో ఏది నడవడంలేదో ఆడి చూడమనేవాడు యజమాని. అలా వచ్చింది ఆ చేతివాటం. పెళ్ళయ్యాక బస్సు డ్రైవరు భర్త, కాపురం చేసే ఆడదానికి ఈ బొమ్మలాటలేమిటని మాన్పించాడు. ఆయన పోయాక నలుగురిళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసింది. అలా ఇస్త్రీకి వచ్చిన ఇల్లే ఇది. ఒకరోజు నాఫెర్ ఒక ఆటలో రెండు రోజులుగా దాటలేక బూతులు తిడుతున్న మజిలీని, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా ఆమె దాటించి ఇచ్చింది. అతడు పడీపడీ నవ్వి, “అక్కా, ఇస్త్రీ మానెయ్” అన్నాడు. దేవుడు దారి చూపించాడనుకుని ఆ ఆదివారం సాన్ రోకే చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది.

తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ వీధిలోవాళ్ళు ఆమె అక్కడ ఇస్త్రీ చేస్తుందనే అనుకుంటారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వీధి మొగలో అరేపా రొట్టెలు వేయించే ఓసిరిస్ దగ్గరికి వెళ్ళేసరికి, ఆవిడ గరిటె ఊపుతూ ఎదురొచ్చింది.

“ఏమే ఎదిల్మా, మీ జడ్జిగారిని ఒక్కసారి నా పొయ్యి దగ్గరికి పంపు. నూనె మంచి కాకమీదుంది.”

“ఏమైందే?”

“ఏమైందా? ఆ ఫుట్‌బాల్ ఆటకి తొమ్మిదన్నాడా లేదా? ఏడాదికి ఒక్కటి కొనిస్తాను మా పిల్లకి. పాపం, పొంగిపోతూ విప్పింది. పోయినేడాది ఆటేనట! చొక్కాల రంగులు మార్చారంతే. ఆడినవాడెవడైనా తొమ్మిదిస్తాడా? నువ్వు ఆ ఇంట్లో మసులుతావుగా, నిజం చెప్పు. ఆడతాడా వాడసలు?”

“నాకేం తెలుసే. నేను ఇస్త్రీ చేసుకునేదాన్ని.”

“చేసేటప్పుడు వాడి గౌను కాస్త మాడ్చు. నా పేరు చెప్పి మాడ్చు.”

పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఎదిల్మా కూడా నవ్వింది. గుడ్డు పెట్టి వేయించిన అరేపా నోట్లో కాలుతోంది, మింగలేకపోయింది, ఉమ్మలేకపోయింది. ఆ ఫుట్‌బాల్ ఆటను పూర్తిగా ఆడి, దీనికి నాలుగిచ్చినా ఎక్కువేనని నాఫెర్‌తో చెప్పింది ఆమే. లైవ్‌లో అతడు తొమ్మిది అని సుత్తి కొడుతుంటే వెనక గదిలో గోల్ మీద గోల్ వేసి చూపించిందీ ఆమే.

తిరిగి వచ్చేసరికి నాఫెర్ చొక్కా విప్పి, అద్దం ముందు మెడకు పౌడరు రాసుకుంటున్నాడు. కెమెరా చూసుకునే యెర్లిస్ దీపాలు సర్దుతోంది.

“మూడు. ఈ బల్లకట్టు ఆటకి మూడైతే బాగుంటుందక్కా. రెండంటే పగబట్టాడంటారు” అన్నాడు నాఫెర్.

“ఆట చూశావా?”

“నువ్వు చూశావుగా. యెర్లిస్ ముక్కలు చూపించింది. వరదొచ్చింది, మునిగింది, పేర్లు పడ్డాయి. అయిపోయింది.”

“అయిపోలేదు. పేర్లు పడ్డాక ఆగాలి. అసలు ఆటంతా ఆ తర్వాతే ఉంది. మొన్ననే చెప్పాను నీకు.”

“పేర్లు పడ్డాక ఎవడాగుతాడక్కా? సినిమా హాల్లో అయితే ఆపాటికి బాత్రూం దగ్గర లైన్లో ఉంటాం.”

యెర్లిస్ నవ్వబోయి ఎదిల్మా ముఖం చూసి ఆగిపోయింది.

“పది ఇవ్వమనడంలేదు. మూడే ఇయ్యి, సున్నా ఇయ్యి. కానీ చివరిదాకా చూసి ఇయ్యి. ఇన్నేళ్ళలో నిన్ను ఒక్కటీ అడగలేదు నాఫెర్. ఇదొక్కటీ అడుగుతున్నాను.”

నాఫెర్ వచ్చి ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మెత్తగా, పౌడరుతో చల్లగా ఉంది.

“ఇలా చూడక్కా. పోయినసారి తొమ్మిదిచ్చాను. ఈసారి ఎవడో ఒకడిని బాదకపోతే జడ్జి అమ్ముడుపోయాడంటారు. పెద్దవాళ్ళని బాదితే రేపు ఆటలు ముందుగా పంపరు. ఈ నదివాళ్ళని బాదితే అడిగేదెవడు? నా నోట వాళ్ళ పేరు రావడమే వాళ్ళకి గొప్ప.”

“నువ్వు మూడంటే ఆ ఆట ఇక ఎవరూ ముట్టుకోరు. వాళ్ళకున్నది అదొక్కటే.”

“ఎదిల్మక్కా, నీకు ఇస్త్రీపెట్టె ఇంకా గుర్తుందా?”

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే గౌను అందుకున్నాడు.

ఎదిల్మా తన గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. కోపం ఆమెకు అలవాటులేని వస్తువు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది మణికట్ల వాపులోంచి లేచి మోచేతుల దాకా మండింది. సగం చూసి తీర్పు చెప్పేవాడిని దేవుడని ఎవరూ అనరు. మనిషి మునిగిన చోటే లెక్క తేల్చేయకుండా, పేర్లన్నీ వెళ్ళిపోయాక కూడా చీకట్లో కూర్చుని ఆగేవాడు ఒకడున్నాడనే కదా ప్రతి ఆదివారం మోకాళ్ళమీద కూర్చునేది! మరి అంత ఓపికగలవాడు గౌను వేసుకున్న ఈ దొంగ చేతిలో సుత్తి ఎందుకు ఉండనిస్తాడు? ఆమె గోడమీది చిన్న సిలువ వైపు చూసింది. ముందు గదిలో దీపాల మీటలు వేసిన చప్పుడు వచ్చింది.

లైవ్ మొదలైంది. ఫోనులో నాఫెర్ ఉత్తుత్తి కంట్రోలర్ మీటలు నొక్కుతున్నాడు. ఎదిల్మా బల్లకట్టు నడుపుతోంది.

“ఈ బల్లకట్టుకన్నా మా మామ బస్సు నయం!” అంటున్నాడు. “అది అప్పుడప్పుడైనా చెప్పిన ఊరికి పోతుంది. తోస్తున్నాను, తోస్తున్నాను, నా చేతులు పడిపోతున్నాయిరా బాబూ!”

కామెంట్లు నవ్వులతో పరుగెత్తాయి. వరద వచ్చింది. బల్లకట్టు మునిగింది. పేర్లు పడసాగాయి. నవ్వుల మధ్య ఒక కామెంటు వచ్చింది: “నేను నూరిస్‌ని. ఈ ఆట చేసిన ముగ్గురిలో ఒకదాన్ని. దయచేసి పేర్ల తర్వాత కాస్త ఆగండి.”

నాఫెర్ దాన్ని పైకి చదివి చప్పట్లు కొట్టాడు. “ఓహో! ముద్దాయి తనే కోర్టుకొచ్చింది! ఏడుస్తూ వచ్చింది! ఏమ్మా నూరిస్, మునిగింది మునిగింది. ఆగితే తేలుతుందా?”

కంట్రోలర్ కిందపెట్టాడు. రెండు చేతులా సుత్తి ఎత్తి పట్టుకున్నాడు. “కోర్టువారి ముందుకు వచ్చిన నేరాలు...” అంటూ మొదలుపెట్టాడు. నేరాలు చదవడం అతడికి ఇష్టమైన ఘట్టం. సాగదీసి, ఊరించి చదువుతాడు.

ఎదిల్మా బొటనవేలు మీటమీదకు వెళ్ళింది. నొక్కితే మొదటి బొమ్మ వచ్చేస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆ క్షణంలో ఆ వేలు దానంతట అదే నొక్కేది. ఇవాళ దాన్ని ఎత్తి పట్టుకుంది. ఎత్తి, అలాగే ఆగింది.

నల్లటి తెర. నీటి చప్పుడు. నాఫెర్ మూడో నేరం చదువుతుండగా అతడి వీపు వెనక కొమ్మ బయటపడింది. నాలుగో నేరానికి బల్లకట్టు అంచు తేలింది. ముసలమ్మ చెయ్యెత్తింది. ఎదిల్మా గడ మోపి, బురదలోంచి బల్లకట్టును లాగి, మెల్లగా ఆ ఒడ్డుకు తోసింది. ఎంత బాగా ఆడగలదో అంత బాగా తోసింది. ముసలమ్మ కోడిని చంకలో పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

కామెంట్లలో నవ్వులు ఒక్కసారి తెగిపోయాయి.

“జడ్జీ, వెనక్కి చూడు!”

“తేలిందిరో! ఆట అయిపోలేదు!”

“ఆగండాగండి. వాడి రెండు చేతులూ సుత్తిమీదున్నాయి. మరి పడవ తోస్తున్నదెవరు?”

ఆ చివరి ప్రశ్ననే మరొకరు అడిగారు, ఇంకొకరు అడిగారు, చూస్తుండగా అదొక్కటే ఫోను తెర నిండా పరుచుకుంది. కెమెరా పక్కన యెర్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాఫెర్ కామెంట్లు చూడలేదు. కళ్ళు అరమోడ్చి, “మూడు!” అని అరిచి సుత్తి కొట్టాడు. చప్పట్లకోసం కళ్ళు తెరిచాడు. తెరిచి, మెల్లగా వెనక్కి తిరిగాడు. వెనక గోధుమరంగు నదిమీద, ఎవరూ ఆడని ఆటలో, ముసలమ్మ ఇల్లు చేరుతోంది.

“కట్ చెయ్! యెర్లిస్, కట్ చెయ్యవే!”

యెర్లిస్ చెయ్యి మీట దాకా పోవడానికి చాలాసేపు పట్టింది.

ఎదిల్మా బల్లకట్టును ముసలమ్మ గుమ్మం ముందు ఆపింది. గోడమీద నీటి గీత, దానికింద కూర్చున్న ఒక కుక్క. కంట్రోలర్‌ను మంచంమీద పెట్టింది. బొటనవేలి ప్లాస్టర్ విప్పి చెత్తబుట్టలో వేసింది. చేతిసంచీ భుజాన వేసుకుని, గోడమీది సిలువ తీసి అందులో పెట్టుకుని, పెరటి తలుపు గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి బయటికి నడిచింది. వీధిలో గాలి వేస్తోంది. ఎవరో వరండాలో ఉయ్యాలకుర్చీ ఊగుతూ, ఫోనులోకి చూస్తూ పక్కవాళ్ళను కేకేస్తున్నారు. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. చెప్పాలని ఆమెకు తోచలేదు.

ముందు గదిలో నాఫెర్ గౌను విసిరికొట్టి తిరుగుతున్నాడు. పరువు పోయిందని కాదు, ఆటమీద అన్యాయంగా మాట్లాడానని అసలే కాదు. “వచ్చే శుక్రవారానికి ఎవరిని పట్టుకురావాలే నేను? ఎవరిని?” అని అరుస్తున్నాడు. సిగ్గులేనివాడికి సిగ్గు ఒక్క సాయంత్రంలో వస్తుందని ఎవరు మాత్రం అనుకున్నారు?

యెర్లిస్ పరుగున వచ్చి పెరటి గది తలుపు తోసింది.

“ఎదిల్మా పిన్నీ?”

ఫ్యాను టకటకమంటోంది. మంచంమీద దుప్పటి కూర్చున్నంత మేర నలిగి ఉంది. బల్లకింద, తొమ్మిదేళ్ళు ఆమె పాదాలు పెట్టుకున్న చోట, గదిలో వేసుకునే ఒక జత రబ్బరు చెప్పులు పక్కపక్కనే సర్ది ఉన్నాయి. మడమల దగ్గర నేల కనిపించేంతగా అరిగిపోయి, బొటనవేళ్ళ కింద రెండు నున్నటి గుంటలు పడి.