గృహప్రవేశం వీడియో

చంద్రరావు వేసుకొచ్చిన చొక్కా చూడగానే గుర్తుపట్టాను. మా గృహప్రవేశానికి నేను బొట్టుపెట్టి ఇచ్చిన బట్టలవి. అవి తొడుక్కునే మా మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు!

రామచంద్రపురంలో మా ఇల్లు కట్టిన కాంట్రాక్టరు అతను. పాలు పొంగించిన నెలకే హాలు శ్లాబు మధ్యలో కుంగింది. ఎప్పుడు మీద పడుతుందోనని పిల్లలతో సహా వంటింట్లో పడుకుంటున్నాం. శ్లాబు తీసి మళ్ళీ పొయ్యమంటే, "ఇల్లు మీరు స్వాధీనం చేసుకున్నారుగా. ఒప్పందం ప్రకారం నా బాధ్యత తీరిపోయిందండి" అన్నాడు.

మావారు బంగార్రాజుగారు కోర్టుకెక్కుతానని లాయరు జీవరాజుగారి దగ్గరికి పరుగెత్తారు. నేనూ వెళ్ళాను.

"తొంభై ఆరులో కొత్త చట్టం వచ్చిందండి. తగాదా వస్తే మధ్యవర్తే తేల్చాలని మీరు సంతకం పెట్టారు. కోర్టు మనల్ని అక్కడికే పంపుతుంది. ఆయన తేల్చాక మార్పించడం కూడా కష్టం" అన్నారాయన.

సంతకం పెట్టేముందు ఒక్కసారి చదవొద్దా మనిషి? మావారి మొహం చూస్తే తిట్టడానికి కూడా మనసొప్పలేదు.

అలా రాజమండ్రిలో మధ్యవర్తి ఇంటికి వచ్చాం. ఆయన రిటైరైన ఇంజనీరు. తేలాల్సింది ఒక్కటే. గృహప్రవేశం నాటికి ఇల్లు పూర్తయిందా, లేదా?

నిజానికి అప్పటికి హాల్లో శ్లాబు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగు కర్రలు అలాగే ఉన్నాయి. "మూఢం వచ్చేస్తోందమ్మా, ఇప్పుడు దాటితే మళ్ళీ ముహూర్తాల్లేవు. పాలు పొంగించుకోడానికి కర్రలేం అడ్డం?" అని తొందరపెట్టింది ఈ చంద్రరావే. తర్వాత వేరే పనికి కావాలంటూ గడువుకి ముందే ఆ కర్రలు పీకించుకుపోయాడు. ఆ మాటే మధ్యవర్తితో చెప్పాం.

"అబద్ధమండి. కర్రలు ముందే తీసేశాం. పూర్తయిన ఇంట్లోనే పాలు పొంగించారు. ఆనక పైన ధాన్యం బస్తాలు పేర్చి శ్లాబు కుంగదీసుకున్నారు" అన్నాడు చంద్రరావు.

నా ఒళ్ళు మండిపోయింది. మేడ మీద ఒక్క బస్తా పెట్టిన పాపాన పోలేదు మేము!

అతను సంచిలోంచి వీడియో క్యాసెట్టు తీశాడు. ఆ రోజు వీడియో తీసేవాణ్ణి తనే తీసుకొచ్చి, అది తన కానుకన్నాడు. క్యాసెట్టు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇప్పుడు అర్థమైంది.

టీవీలో నేను కనిపించాను. పట్టుచీర కట్టుకుని, అతని చేతిలో బట్టలు పెడుతూ, "సొంత చెల్లెలికి కట్టినట్టు కట్టారు అన్నయ్యగారూ, ఏ లోటూ లేదండి" అంటున్నాను. నా గొంతే! మావారు తల దించుకున్నారు. మధ్యవర్తి ఏదో రాసుకుంటున్నారు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు టీవీలో చంద్రరావు వెనక ఏదో పచ్చగా కనబడింది.

"ఆపండి! కాస్త వెనక్కి తిప్పండి" అని అరిచాను.

బొమ్మ ఆగింది. అతని వెనక వరసగా గుంజలు. వాటికి పసుపు గుడ్డలు, మామిడాకులు.

"పందిరి రాటలేగా అమ్మా?" అన్నారు మధ్యవర్తి.

"పైన ఫ్యాను కొక్కెం చూడండి. అది మా హాలండి. నట్టింట్లో ఎవరైనా పందిరి వేస్తారా? సెంట్రింగు కర్రలు వచ్చినవాళ్ళకి అసహ్యంగా కనబడతాయని నేనే గుడ్డలు చుట్టాను!"

ఆయన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళారు. పసుపు గుడ్డల వెంట పైదాకా చూశారు. కర్రల చివర సెంట్రింగు పలకలు, వాటి మీద శ్లాబు.

"ముందే తీసేశామన్నారే?" అని అడిగారు చంద్రరావుని.

చెమటకి నేను పెట్టిన చొక్కా చంద్రరావు వీపుకి అతుక్కుపోయింది. అంత నిబ్బరంగా అబద్ధమాడిన మనిషి అలా బిగుసుకుపోవడం చూసి నేనే విస్తుపోయాను.

"అన్నయ్యగారూ, శ్లాబు మళ్ళీ ఎప్పుడు పోస్తారండి?" అన్నాను.