అధ్యక్షులవారి మాట

మా ఆయన కుదురుగా కూర్చోగా నేను చూసింది తక్కువ. కూర్చున్నా ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. కువైట్‌లో, ఫహాహీల్ సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటల్‌కి జనరల్ మేనేజరు. అయినా లాబీలో నడుస్తూ నడుస్తూ వంగి, కార్పెట్ మీద రాలిన పూరేకు తీసి జేబులో వేసుకుంటారు. ఇంట్లోనూ అంతే. నేను వడ్డించిన కంచాన్ని కాస్త పక్కకు జరిపి గానీ తినరు. అలా జరిపినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

పేరు కుక్కుటేశ్వరరావు. మాది పిఠాపురం. కువైట్ వచ్చిన కొత్తలో హోటల్ వంటింటి వెనక గిన్నెలు తోమేవారు. తర్వాత వెయిటరు, కెప్టెను, విందుల మేనేజరు, ఇప్పుడు ఇది. ఇన్ని మెట్లూ ఒకే సూత్రం మీద ఎక్కారు. అతిథికి 'లేదు' అని చెప్పకూడదు. చేప అయిపోతే "ఈ రోజు కోడి బ్రహ్మాండంగా ఉందండి" అనాలి. గది ఖాళీ లేకపోతే ముందు కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాలి. కొత్తగా చేరిన వాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం ఇదే.

హోటల్లో అది నడిచింది. గొడవేమిటంటే, దాన్ని తెలుగు సంఘంలోకి కూడా తెచ్చారు. అధ్యక్షులవడం ఇది మూడోసారి. శుక్రవారం వచ్చిందంటే ఫర్వానియా నుంచీ అహ్మది నుంచీ మనుషులు మా ఫ్లాటుకు వస్తారు. ఒకరికి ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోయింది, ఒకరికి పనిలో పెట్టుకున్న కఫీల్ జీతం ఇవ్వలేదు, ఒకరి తమ్ముడు పోయాడు, శవాన్ని ఊరికి పంపాలి. ఆయన చాలా చేశారు, నేను కాదనను. కానీ తన చేతిలో ఉన్నదానికీ లేనిదానికీ ఒకటే జవాబు: "అయిపోద్దండి. నేను చూసుకుంటాను కదా."

మా గోదావరి వాళ్లకు ఆ మాట తూకం తెలుసు. ఇంటికొచ్చిన వాళ్లకు కాఫీ ఇచ్చినట్టే ఆ మాటా ఇస్తాం. సంఘం కార్యదర్శి సూరిబాబు మెట్లు దిగే వాళ్లతో, "అధ్యక్షులుగారు అయిపోద్దన్నారంటే ఇంకో దారి కూడా చూసుకోండేం" అని నవ్వుతూనే చెప్పేస్తాడు. తిరుపాలమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమెది రాజంపేట దగ్గర పల్లె. అహ్మది వైపు ఒక కువైటీ ఇంట్లో, మంచాన పడ్డ ముసలమ్మను చూసుకునే పని. రంజాన్ మొదలవబోతుండగా సంఘం మీటింగుకు వచ్చింది. అందరూ టీ తాగి వెళ్లేదాకా గోడ పక్కన నిలబడి, చివర్లో దగ్గరికొచ్చింది.

"సార్, మా పాప వెంకటేశ్వరికి నెలలు నిండొస్తాండాయి. తొలి కానుపు. అత్త లేదు, మొగుడు లారీ మీద పోతాంటాడు. మామాను అడిగితే పండగ అయినంక పొమ్మంటాంది. మీరొక మాట చెప్తే ఇంటాదంట."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆ ఇంటి పెళ్లి విందులన్నీ మా ఆయన హోటల్లోనే జరుగుతాయి. ఆ నమ్మకంతో వచ్చింది.

"అయిపోద్దమ్మా. శుక్రవారానికి బట్టలు సర్దుకో. నేను మాట్లాడతాను కదా" అన్నారు మా ఆయన.

ఆ వారమంతా ఆయన ఫోను చెయ్యలేదు. మర్చిపోయారనుకునేరు, లేదు. రోజూ అన్నం దగ్గర "ఆ తిరుపాలమ్మ సంగతి చూడాలి" అంటూనే ఉన్నారు. ఫోను తీసేవారు, బాల్కనీలోకి వెళ్లేవారు, సముద్రం చూసి వచ్చేసేవారు. అడిగితే ఆ ఇంటావిడ కాదంటుందని ఆయనకు తెలుసు. కాదనిపించుకోవడం కూడా ఆయనకు చేతకాదు.

శుక్రవారం పొద్దున్నే తలుపు తీస్తే తిరుపాలమ్మ. చేతిలో బ్యాగు.

"ముసలామె లేస్తే నాకు కాళ్లు రావని, పండుకోనుండంగానే వచ్చేసినాక్కా. సారు మామాతో చెప్పింటాడు గదా."

చెప్పకుండా ఇల్లు దాటితే పారిపోయినట్టు ఫిర్యాదు చేస్తారు. అది పడితే ఆమె ప్రయాణం ఎన్నాళ్లకు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పాసుపోర్టు కూడా ఆ ఇంట్లోనే ఉంది.

మా ఆయన లోపలి నుంచి వచ్చి ఆమెను చూశారు. ఒక్క క్షణం ముఖం తెల్లబోయింది. వెంటనే హోటల్ నవ్వు వచ్చేసింది.

"రామ్మా, కూర్చో. నాగదుర్గా, టిఫిన్ పెట్టు" అని బాల్కనీలోకి వెళ్లి ఆ ఇంటాయన అబూ సాలెంకి ఫోను చేశారు. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను. అరబీలో ఎంత చక్కగా మాట్లాడారనుకున్నారు! ఆరోగ్యం అడిగారు, పిల్లల పరీక్షలు అడిగారు, ఉపవాసాలు ఎలా ఉన్నాయని అడిగారు, ఏదో అని నవ్వారు కూడా. ఫోను పెట్టేశారు. తిరుపాలమ్మ పేరు ఆయన నోటి వెంట రాలేదు.

"ఏటండీ ఇది?" అన్నాను.

"సమయం కాదే. సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక చేస్తాను. ఏదో ఒకటి అవుద్దిలే." గది ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగారు. టీపాయ్ మీద పేపరు సర్దారు. మళ్లీ సర్దారు.

నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. వంటింట్లోకి వెళ్లి తిరుపాలమ్మ ముందు కూర్చున్నాను. "అమ్మా, ఈయన మీ మామాతో మాట్లాడలేదు. ఈ వారంలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు" అని చెప్పేశాను.

ఆమె చేతిలోని ఇడ్లీ ముక్క తిరిగి కంచంలో పెట్టేసింది. తర్వాత లేచి హాల్లోకి వచ్చింది.

"సార్, మా చెల్లెలు పాప దగ్గరుంటానని మూటాముల్లె సర్దుకుంది. మీరు మాటిచ్చినారని, నేనే వస్తాండా, నువ్వు పనికి పోవే అన్నా. అది బెంగుళూరుకు బేల్దారి పనికి పాయ. ఆ పొద్దే కుదరదని చెప్పింటే అయిపోవుండె గదా సార్."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

నేనే చెప్పులు వేసుకున్నాను. ఇంకా ఫిర్యాదు ఇచ్చి ఉండరు, పదండి అన్నాను. ఆయన కారు తీశారు. దారి పొడుగునా అద్దం సర్దుతూనే ఉన్నారు.

మామా గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల ముసలమ్మ ఏడుపు బయటికి వినబడుతోంది. తిరుపాలమ్మ తప్ప ఎవరు ఎత్తినా ఆ పెద్దావిడకు భయం.

"ఎవరు వెళ్లమన్నారు నిన్ను?" అంది మామా.

తిరుపాలమ్మ మా ఆయన వైపు చూడను కూడా చూడలేదు. "ఎవురూ లేరు మామా. నేనే పోయినా."

"అయితే పండగ అయ్యాక కూడా పంపను. నిన్ను నమ్మేది ఎలా?"

నేను ఆయన్నే చూస్తున్నాను. మూడుసార్లు అధ్యక్షులు, ఎన్ని వేదికలో, ఎన్ని శాలువాలో. పెదవుల మీద ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. మెల్లగా అది పోయింది.

"నేను వెళ్లమన్నాను మేడం" అన్నారు అరబీలో. "మీతో మాట్లాడానని నమ్మించాను. మాట్లాడలేదు. తప్పు నాది, ఆమెది కాదు."

మామా ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "పండగ అయ్యాక పంపుతాను. ఒక్క రోజు ముందు కూడా కాదు" అని తిరుపాలమ్మను లోపలికి రమ్మంది. తలుపు మూసుకుంది. ఏడుపు కాసేపటికి ఆగింది.

ఇంటికి వచ్చాక ఆయన ఫోను పట్టుకున్నారు. రాజంపేటలో ఎవరైనా తెలిసిన వాళ్లున్నారేమో, ఒక నర్సును పెట్టిద్దాం, నేను చూసుకుంటాను అంటున్నారు.

"మీరేం చూడొద్దు. నాకు చెన్నైకి టికెట్ తీయండి" అన్నాను.

"నువ్వా? వచ్చే వారం రక్తదాన శిబిరం పెట్టుకుని... ఏం చెప్పను అందరికీ?"

"మా ఆవిడ పురుడు పోయడానికి వెళ్లిందని చెప్పండి."

ఆయన మంచం మీద కూర్చున్నారు. "నన్ను తిట్టొచ్చు కదే" అన్నారు. కాళ్లు రెండూ నేల మీద కదలకుండా ఉన్నాయి. తిట్టడానికి నాకు తీరిక లేదు. సూట్‌కేసు దించాను.

వెంకటేశ్వరి రాజంపేట ఆస్పత్రిలో మంచం మీద ఒక్కతే ఉంది, తల దువ్వే దిక్కు కూడా లేకుండా. అచ్చం తల్లి ముఖమే. నేనెవరో చెప్పాను. నా సంచి వైపు, నా వెనక గుమ్మం వైపు చూసింది.

"అమ్మ వస్తాండానని చెప్పింది గదా?"

వస్తుందిలే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ల కాపురం ఊరికే పోతుందా మరి.

"రాదమ్మా. పండగ అయ్యాకే పంపుతారు" అన్నాను.

గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఓదార్చలేదు, ఏమని ఓదార్చను? అంతలో నొప్పి వచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి చాచి వెతుక్కుని నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"అట్లయితే నువ్వన్నా పోవాకు పెద్దమ్మా."

"పోను" అన్నాను.