అన్నయ్య ఎడమ బొటనవేలు

మా అన్నయ్యకు కోపం రాదు. నాకు కోపం తెప్పించేది అదే. క్యాష్ వ్యాన్ గార్డులంతా ఇకమీదట రివాల్వర్లు అప్పగించి పిస్టళ్ళు పట్టాలని కంపెనీ చెప్పినప్పుడు తోటివాళ్ళు ఇంతెత్తున లేచారు. ఈయన మాత్రం సరేనని తలూపి, షూటింగ్ రేంజిలో నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అక్కడ నేర్పేదీ నేనే, పరీక్ష పెట్టేదీ నేనే.

"నమస్కారం మేడమ్ గారూ," అన్నాడు. ఇంట్లో పిలిచేది 'మొద్దూ' అని.

ఆయనకు గురి లేక కాదు. తంటా అంతా ఎడమ బొటనవేలితోనే. రివాల్వర్ పట్టినన్నాళ్ళూ ఆ వేలిని కుడిచేతి వెనక అడ్డంగా చుట్టి బిగించేవాడు. రివాల్వర్‌తో అది చెల్లింది. పిస్టల్‌తో చెల్లదు. పేల్చగానే దాని పైభాగం రయ్యిన వెనక్కొచ్చి, అడ్డున్న వేలిని కోసేస్తుంది. మొదటిరోజే చర్మం లేచిపోయి చెయ్యంతా రక్తమైంది.

"వేలు ముందుకు పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని నోరు పారేసుకున్నాను.

"నాకు వినబడుతోందే. దీనికే చెవుడు," అని కట్టు కట్టిన వేలు చూపించి నవ్వాడు.

మొదటి పరీక్ష తప్పాడు. రెండోదీ తప్పితే ఉద్యోగం ఊడినట్టే. ముందురోజు వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య టీవీ రిమోట్‌ని రెండు చేతులా పట్టుకుని గోడకు గురిపెడుతున్నాడు. ఛానల్ మార్చమంటే ఉలకడు, పలకడు," అని నవ్వి, గొంతు తగ్గించి, "పాసవుతాడంటావా?" అంది.

"ఎందుకు కాడు వదినా," అన్నాను.

రేంజిలో చెవులకు మూతలుంటాయి, గొంతు చించుకున్నా వినబడదు. అందుకే పరీక్షలో భుజం మీద చెయ్యి వేస్తే ఆపమని అర్థం. అలా మేము ఆపించామంటే పరీక్ష తప్పినట్టే.

మొదటి మ్యాగజీన్‌లో తూటాలన్నీ బొమ్మ నడిమధ్యన పడ్డాయి. నా గుండె కుదుటపడింది. రెండో మ్యాగజీన్ ఎక్కించే తొందరలో ఆ ఎడమ చెయ్యి పాత దారి పట్టింది. బొటనవేలు వెనక్కి వెళ్ళి, హాయిగా అడ్డంగా కూర్చుంది. మొదటిరోజు రక్తం కళ్ళముందు మెదిలింది. ఆలోచించేలోపే నా చెయ్యి అన్నయ్య భుజం మీద పడింది.

పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. వేలి వంక చూసుకున్నాడు.

బయట బెంచీ మీద నేనే పక్కన కూర్చున్నాను. "వేలు తెగేది అన్నయ్యా."

"తెగనివ్వాల్సింది. ఒక్కసారి చురుక్కుమంటే అదే దారికొచ్చేది. నీకు సైకిల్ నేర్పినప్పుడు ఎన్నిసార్లు పడ్డావు? ఎప్పుడైనా పట్టుకున్నానా?"

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. నేను చేసింది రూలు ప్రకారం సరైనదే. అయినా ఆ చెయ్యి వెనక్కి తీసుకునే వీలుంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

అన్నయ్య ఫోన్ తీశాడు. చిన్న గాటైనా పడని ఆ బొటనవేలితోనే వదిన నంబరు వెతికాడు. నేను అటు చూడలేకపోయాను.