రీటేక్‌కి కాస్టింగ్

“రేపు పొద్దున రీటేక్‌ని కాస్టింగ్‌కి తీసుకురండి” అన్న మాట ఫోన్‌లో వినపడగానే వెంకటేశ్వరరావుకి కాలు నేల మీద నిలవలేదు. ఆ కాల్ అలాంటిది మరి.

షేక్‌పేటలో పెళ్ళి సీను తీస్తున్నారు. అందులో వెంకటేశ్వరరావు పెళ్ళికొడుకు తరఫు బంధువు, అంటే మూడో వరుసలోంచి అక్షింతలు వేసే చెయ్యి. ఏళ్ళ తరబడి సినిమాల్లో ఉన్నాడు గానీ, సినిమాల్లో కనపడింది తక్కువ. పక్కన జనరేటర్ బండి రొద పెడుతోంది. ఆ రొదలోనే అవతలి అమ్మాయి జూబ్లీహిల్స్ నుంచి మాట్లాడుతున్నానంది, మేడమ్ ఫోటోలు చూశారంది, మేడమే స్వయంగా చేస్తారంది, లొకేషన్ పంపిస్తానంది. జూబ్లీహిల్స్, మేడమ్, లొకేషన్. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని వేషాల కోసం తిరిగే మనిషికి ఈ మూడు మాటలూ ఒకే ఫోన్‌లో వినపడితే నాలుగో మాట సరిగ్గా వినపడదు.

రీటేక్ ఆయన కుక్క. పుట్టుకతో వీధికుక్కే. ఎన్నిసార్లు తరిమినా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి గుమ్మంలోకి వచ్చేసేది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఈమధ్యే సందులో ఎవరిదో బైకు గుద్ది వెనక కాలు విరిగింది. బోరబండలో పశువుల డాక్టరు కమలాకర్ ఎక్స్‌రే తీసి, తొడ ఎముక రెండు ముక్కలైందనీ, అతికించడం తన వల్ల కాదనీ చెప్పాడు. తాత్కాలికంగా కట్టు కట్టి, జూబ్లీహిల్స్‌లో ఎముకల డాక్టరుకి ఫోటోలు పంపుతాననీ, వాళ్ళే పిలుస్తారనీ అన్నాడు. ఆలస్యమైతే మాత్రం కాలు తీసేయాల్సి వస్తుందన్నాడు. అప్పట్నుంచి వెంకటేశ్వరరావుని కట్టుకున్న బాలాత్రిపురసుందరికి కట్టు కట్టిన కుక్క తప్ప వేరే లోకం లేదు.

వెంకటేశ్వరరావు మాత్రం ఊరికే కూర్చునే రకం కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఆఫీసువాళ్ళు కుంటి వీధికుక్క వేషానికి కుక్కని వెతుకుతున్నారని తెలిసి, కట్టుతో ఉన్న రీటేక్ ఫోటో అక్కడా ఇచ్చి వచ్చాడు. రెండు కబుర్ల కోసం ఎదురుచూసే చెవి తనకి నచ్చిన కబురే వింటుంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే సుందరి ముందు కాలు గురించే అడిగింది. డాక్టర్లు పిలిచినప్పుడు వెళ్దాంలే అన్నాడాయన. కుంటి వేషానికి కుంటుతూ వెళ్ళడమే పద్ధతి అని కూడా అన్నాడు.

“అంటే కాలు బాగైతే వేషం పోతుందని మీ భయమా?” అంది సుందరి.

ఆయన వంగి కుక్క కట్టు సర్దాడు. ఇన్నేళ్ళుగా మాటల్లేని వేషాలు వేసిన అనుభవం అప్పుడు పనికొచ్చింది. కానీ ఆ ప్రశ్న ఆయన వెనకాలే తిరగడం మొదలుపెట్టింది, అచ్చం కుక్కలాగే.

ఇంటి ఓనరు కొమురమ్మకి కాస్టింగ్ కబురు తెలిసింది. కొమురమ్మకి తెలిస్తే సందంతటికీ తెలిసినట్టే. ఆమె కుక్కకి కొబ్బరినూనె రాసి, విరిగిన కాలు కదలకుండా దువ్వి నిగనిగలాడించింది. సుందరి పెరుగన్నం కలిపి తెస్తే వెంకటేశ్వరరావు గిన్నె లాక్కున్నాడు. వీధికుక్క అంటే డొక్కలు కనపడాలి గానీ పొట్ట కాదన్నాడు. తెల్లారేదాకా దాని నోట్లో మెతుకు పడటానికి వీల్లేదన్నాడు.

“పాత్ర కోసం పస్తు తప్పదు సుందరీ.”

“దాని పాత్ర ఖాళీ చేసి మీకు పాత్ర కావాలా?” అని సుందరి ఖాళీ గిన్నెని చూపించింది.

మర్నాడు ఆటోలో రీటేక్‌ని తువ్వాల్లో పడుకోబెట్టుకుని, కొమురమ్మతో కలిసి ముగ్గురూ లొకేషన్ వెంట బయల్దేరారు. బండి జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల భవనం ముందు ఆగింది. లోపల హాలు నిండా కుక్కలూ పిల్లులూ, ఒక్కొక్కదానికి ఒక్కో కట్టు. పోటీ గట్టిగా ఉందని గొణిగాడు వెంకటేశ్వరరావు. ఒక పిల్లి కాలికి బయటినుంచే ఇనుప కడ్డీలు, నట్లు బిగించి ఉన్నాయి. మేకప్‌వాళ్ళెవరో గానీ పనితనం తెలిసినవాళ్ళని మెచ్చుకున్నాడు. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా తొడుక్కున్న కుక్కని చూసి, ఇదేమైనా పౌరాణికమా అని అనుమానపడ్డాడు. ఆస్పత్రి వాసన వస్తోందని సుందరి అంటే, సెట్టంటే అలాగే సహజంగా ఉండాలని వివరించాడు. కొమురమ్మ మాత్రం మీ పిల్లి ఎన్ని సినిమాలు చేసిందని పక్కావిడని అడిగింది. పక్కావిడ పిల్లితో సహా అవతలి కుర్చీలోకి జరిగింది.

ఇంతలో తలుపు తోసుకుని హరిణి మేడమ్ వచ్చింది. తల మీద టోపీ ఉంది, కాబట్టి డైరెక్టరే. నేల మీద గొంతుక్కూర్చుని రీటేక్ తొడని వేళ్ళతో మెల్లగా తడిమింది. అది ఆమె చెయ్యి నాకింది.

“దీనికి కాస్టింగ్ కుదరదండీ” అందామె.

ఆ మాట ఆయన చాలా గుమ్మాల్లో విన్నాడు. కుక్క తరఫున వినడం ఇదే మొదటిసారి. మనిషి కాళ్ళావేళ్ళా పడిపోయాడు. అరవమంటే అరుస్తుంది, చావమంటే చచ్చినట్టు పడుకుంటుంది, ఒక్క ఛాన్స్ ఇవ్వమన్నాడు.

“చావడం ఎందుకండీ, మత్తిస్తాంగా” అంది హరిణి అయోమయంగా. “తొడ ఎముకకి కాస్టింగ్, అంటే పిండికట్టు, నిలవదు. పైన తుంటి కదులుతూనే ఉంటుంది. లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తేనే కాలు దక్కేది.”

ప్లేటు ఫిరాయించే డైరెక్టర్లు వెంకటేశ్వరరావుకి బాగా తెలుసు. ప్లేటు బిగించే డైరెక్టరు ఎక్కడా తగల్లేదు. ఎవరికి స్క్రూ లూజో ఆయన తేల్చుకునేలోపే సుందరికి అర్థమైపోయింది.

“మీరు డాక్టరా అండీ?” అని, జవాబు కోసం ఆగకుండా ఆమె చేతులు పట్టేసుకుంది.

హరిణి ముందు తన ప్రశ్నకి జవాబు చెప్పమంది. నిన్నటి నుంచి కుక్క ఏమైనా తిన్నదా? కడుపులో తిండి ఉంటే మత్తివ్వడం ప్రమాదం. ఈరోజు కుదరకపోతే, తను మర్నాడు ఊరు వెళ్తోంది. ఆమె తిరిగొచ్చేసరికి ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఆ పైన కాలు మీద ఆశ వదులుకోవడమే. సుందరి కొమురమ్మ వంక చూసింది. కొమురమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“రాత్రి దీనికి నమలనీకి జర బొక్క పెడ్దామనే తెచ్చిన డాక్టరమ్మా. గని ఈ సారు తలుపుకాడ అడ్డం పండుకున్నడు. నన్ను లోపటికి పోనియ్యలే.”

“ఏమీ తినలేదు మేడమ్. మెతుకు కూడా ముట్టనివ్వలేదు” అన్నాడు వెంకటేశ్వరరావు. ఆ తర్వాత గొంతు తగ్గించి, సుందరికి మాత్రమే వినపడేట్టు అన్నాడు, “వేషం పోతే పోయింది. అది నడిస్తే చాలు.”

రీటేక్‌ని లోపలికి తీసుకెళ్ళారు. వెంకటేశ్వరరావు హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూనే ఉన్నాడు. తలుపు కదిలినప్పుడల్లా ఆగేవాడు. చివరికి హరిణి బయటికొచ్చి కొత్త ఎక్స్‌రే చూపించింది. రెండు ముక్కలూ ఒకే ఎముకై, పక్కన తెల్లగా మెరుస్తున్న ప్లేటు, దానికి వరసగా స్క్రూలు. సాయంత్రానికి మత్తు దిగాక కుక్క లేచి, కాసేపు తూలి, ఆ కాలి వేళ్ళు నేలకి ఆనించింది. సుందరి అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్లి తాలూకు ఆవిడకి కూడా కళ్ళు తుడుచుకోక తప్పలేదు.

అప్పుడు ఆవిడే అడిగింది, ఇంతకీ ఈ సినిమా గొడవేంటని. వెంకటేశ్వరరావు, ఫోన్‌లో కాస్టింగ్‌కి రమ్మన్నారుగా అని రిసెప్షన్‌లో ఉన్న స్ఫూర్తిని నిలదీశాడు.

“కాస్టింగ్ అనలేదు సార్, ఫాస్టింగ్‌లో తీసుకురండి అన్నాను. ఏమీ తినిపించకుండా అని. ఆపరేషన్ కదా.”

గరాటా కుక్క యజమాని మొదలుపెట్టిన నవ్వు హరిణి దాకా పాకింది. ఫాస్టింగ్ అంటే ఏందని కొమురమ్మ అడిగింది. వెంకటేశ్వరరావు హాలు మధ్యలోకొచ్చి, జనరేటర్ రొద నుంచి తలుపుకడ్డం పడుకోవడం దాకా మొత్తం నటించి చూపించాడు. మూడో వరుస మనిషికి ఇంత పెద్ద డైలాగు జీవితంలో దొరకలేదు, ఎవరూ కట్ చెప్పలేదు.

“అంటే నువ్వు తప్పు విన్నవు గాబట్టే కుక్కకు కాలు దక్కింది?” అంది కొమురమ్మ.

“తప్పు విన్నాను గానీ, తప్పు చెయ్యలేదు” అన్నాడాయన సుందరి వైపు చూస్తూ.

స్ఫూర్తి మాత్రం ఇకనుంచి అందరికీ తెలుగులోనే, ఖాళీ కడుపుతో తీసుకురండి అని చెబుతానంది.