కొట్టేసిన మెయిళ్లు

"మెయిల్ నిండిపోయిందంట. కంపెనీ వాళ్లు రేట్లు పంపితే తిరిగెళ్లిపోతున్నాయంట. అన్నం దింపేసి కిందికొచ్చి కాస్త ఊడ్చెయ్," అన్నాడు మా ఆయన మెట్ల మీద నుంచే. ఊడ్చెయ్ అనే అన్నాడు. నేను చేసే పనులన్నిటికీ మా ఇంట్లో ఆ ఒక్క మాటే సరిపోతుంది.

దర్శిలో మాది పురుగుమందుల కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. బిల్లులు, స్టాకు, జీఎస్టీ, కంపెనీలకి జవాబులు అన్నీ నేనే చూస్తాను. బోర్డు మీద మాత్రం ప్రొప్రైటర్ శివరామకృష్ణ అని ఉంటుంది. మిరపకి తామరపురుగు తగిలిన రోజుల్లో తిండి తినే తీరిక కూడా ఉండదు. అయినా మా అత్తగారు రమణమ్మ వచ్చినవాళ్లందరితో, "ఫ్యాను కింద కూచుని చేసేదాన్ని కూడా పనంటారా?" అని నవ్వుతుంది. జీతం లేదు కాబట్టి నేను ఖాళీగా ఉన్నట్టే లెక్క.

ఆ మెయిల్ నిజానికి నాది. నరసరావుపేటలో బీఎస్సీ చదివేటప్పుడు నా పేరుతో తెరుచుకున్నాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన, "ఇంటికి రెండెందుకే, నీకు మెయిళ్లు పంపేదెవరు?" అని కొట్టు వ్యవహారమంతా దాంట్లోకే తెప్పించుకున్నాడు. తన ఫోన్లో పెట్టుకున్నాడు. నా ఫోన్లోంచి తీసేశాడు. కొత్త సిమ్ కూడా ఆయనే కొనిచ్చాడు. అప్పుడు అదంతా ముద్దుగానే అనిపించింది, ఏం చేస్తాం.

మొన్న కొట్లో పాత కంప్యూటర్ చచ్చింది. బాగుచేసే అక్బర్ కొత్తది బిగించి, మెయిల్‌కి వేరే ప్రోగ్రాం పెట్టి వెళ్లాడు. ఇవాళ తెరిచి చూస్తే మామూలు మెయిళ్ల మధ్య బూడిదరంగులో ఇంకా చాలా కనిపించాయి. ఒక్కోదాని మీద అడ్డంగా గీత. అక్బర్‌కి ఫోన్ చేశాను.

"అదంతేనక్కా. సార్ ఫోన్లో డిలీట్ కొడితే మెయిల్ పోదు, పోయినట్టు గుర్తు పడిద్ది అంతే. సర్వర్లో అట్నే ఉంటది. పాత ప్రోగ్రాం వాటిని దాచేది, ఇది చూపిచ్చిద్ది. అయ్యే నిండిపొయ్యి కొత్తయి రావట్లేదు. పర్జ్ అని ఉంటది చూడు, అది నొక్కితే గీతలున్నయ్యన్నీ పోతయ్. ఇంక మళ్లీ రావు, చూసుకుని నొక్కు."

చూసుకుని నొక్కుదామనే కిందికి జరుపుతూ పోయాను. విత్తనాల కంపెనీల ప్రకటనలు, బ్యాంకు వాళ్ల శుభాకాంక్షలు, మళ్లీ ప్రకటనలు. వాటి మధ్యలో, గీత కింద, సర్దార్‌బీ.

సర్దార్‌బీ నాతో ఒకే బెంచీలో కూర్చుని చదువుకుంది. గుంటూరులో మిరపకాయల నాణ్యత చూసే ల్యాబ్‌లో ఉద్యోగం చేసేది. పోయినేడు కోతల రోజుల్లో చచ్చిపోయింది. ఆ మాట మా ఆయనే చెప్పాడు, పెరుగన్నం తింటూ. "మీ సర్దార్‌బీ పోయిందంట. ఏదో లివర్ జబ్బంట. పెళ్లయ్యాక నీకొక్క కబురన్నా పెట్టిందా? అట్టాంటిదాని కోసం ఏడుస్తావేందే?" నిజమే కదా అనుకున్నాను. కబురు పెట్టలేదు కదా. చూడటానికి వెళ్లలేదు. చచ్చిపోయిన మనిషి మీద అలిగి కూర్చున్నాను. అప్పట్నుంచీ ఎవరైనా రైతు కాయ చూపిద్దామని సంచి విప్పితే, ఆ ఘాటుకి తుమ్ముతూ వెనక్కి తిరుగుతాను. సర్దార్‌బీ నన్ను పిలిచినట్టే ఉంటుంది. అత్తగారు దిష్టి కూడా తీసింది. దానితో పోలేదు.

మొదటిది తెరిచాను. "ఏమే రమ్యా, మా ల్యాబ్‌లో ఒక పోస్టు ఖాళీ అయింది. మా సార్‌కి నీ గురించి చెప్పాను. టైట్రేషన్‌లో నీ చెయ్యి ఎవరికొస్తుందే? దరఖాస్తు పెట్టు." దాని కింద ఇంకోటి. "పెట్టలేదేం? అలిగావా?" ఆ తర్వాత ఒకటి. "నెంబరు మార్చావంటగా. మీ కొట్టుకి చేశాను. మీ ఆయన తీసి పనిలో ఉందన్నాడు. చేశానని చెప్పాడా?" చెప్పలేదు. చిట్టచివరిది చాలా చిన్నది. "ఆస్పత్రిలో ఉన్నానే. నీ మీద నాకేం కోపం లేదు. ఒక్కసారి కనపడి పో."

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో, నేను బిల్లులు కొట్టే బల్ల మీదే అది నన్ను పిలుస్తూ ఉంది. నేను పలకకపోయినా పిలుస్తూనే ఉంది. పలకలేదనుకునే పోయింది. నేనూ దాన్ని తిట్టుకుంటూ పోపులు పెట్టాను, బిల్లులు రాశాను. ఆ గీతల్ని వేలితో తడిమాను, తుడిస్తే పోతాయేమోనన్నట్టు.

మా వైపు డిలీట్ చేయడాన్ని కొట్టేయడం అంటాం. పక్కవాడి సొమ్ము ఎత్తుకుపోయినా కొట్టేశాడనే అంటాం. రెండిటికీ ఒకే మాట ఎందుకో నాకు ఇవాళే తెలిసింది.

"నొక్కావా? ఎంతసేపే?" కౌంటర్ దగ్గర్నుంచి కేక. "పన్నెండింటికల్లా మళ్లీ పంపుతారంట. అయి రాకపోతే ఈ సీజనుకి సరుకు రాదు!"

నొక్కితే సరుకొస్తుంది, సర్దార్‌బీ పోతుంది. ఈసారి దాన్ని కొట్టేసేది నేనే అవుతాను. ఆ పేరు మీద మౌస్ కుడివైపు మీట నొక్కాను. డిలీట్ రద్దు చెయ్యాలా అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను అడిగి చేసిన పని అదొక్కటే అనిపించింది. అవునన్నాను. గీత పోయింది. బూడిదరంగు పోయి పేరు నల్లగా నిలబడింది. అది పంపినవన్నీ వెతికి, ఒక్కోదాని మీద గీత తీసేశాను. అప్పుడు పర్జ్ నొక్కాను. ప్రకటనలన్నీ ఊడ్చుకుపోయాయి. కాసేపటికి కంపెనీ వాళ్ల రేట్లు కూడా వచ్చి పడ్డాయి. వాటిని ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను.

తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చాను. మొదటిసారి తప్పు కొడితే మళ్లీ కొట్టాను.

చివరి మెయిల్ కింద జవాబు రాయడం మొదలుపెట్టాను. "వస్తున్నానే" అని రాశాను. ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా పంపాను.

మా ఆయన ఫోన్ పట్టుకుని లోపలికొచ్చాడు. "ఏమే, మెయిల్ తెరుచుకోట్లేదు. పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం చేశావ్?"

నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయన నా భుజం మీదుగా తెర వైపు చూశాడు. ఆ పేరు చూశాడు. గీత లేదని కూడా చూశాడు. మళ్లీ ఫోన్ వైపు చూసుకున్నాడు.

"మరి నాకొచ్చే మెయిళ్లు?" అన్నాడు గొంతు తగ్గించి.

"అవసరమైనవి నేను చెబుతాలెండి," అన్నాను.