షుకూర్ బాబాయ్ ఏరిన జాయ్‌స్టిక్కు

నాకు కోపం ఎక్కువ. తెనాలిలో మా ప్లైవుడ్ కొట్టుకు వచ్చేవాళ్లలో ఎవర్ని అడిగినా ఈ ముక్క చెబుతారు. "గిరిబాబు దగ్గర సరుకు మంచిదే గాని, నోరే కాస్త…" అని ఆపేస్తారు. అలాంటి నేను ప్రపంచంలో ఒక్క మనిషి ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాను. ఆయన అబ్దుల్ షుకూర్. నాకు పన్నెండేళ్లప్పుడు బోసు రోడ్డు పక్క సందులో వీడియో గేముల పార్లరు నడిపినాయన.

చిన్న రేకుల గది. అందులో ఆరు గేము పెట్టెలు. పక్కన కరెంటు పోయినప్పుడల్లా దడదడలాడే డీజిల్ జనరేటరు. మిగతా పార్లర్లలో జాయ్‌స్టిక్కులు ఊడి చేతికొస్తుంటే, ఈయన దగ్గర మాత్రం వెన్నలా తిరిగేవి. ఎక్కడన్నా తేడా వచ్చిందంటే షుకూర్ బాబాయ్ పెట్టె మీదికి వంగి, స్టిక్కు దగ్గర చెవి పెట్టి, నాలుగు వైపులా ఒకసారి తిప్పి, లోపలి స్విచ్చులు టిక్కుమనడం విని, "కుడి స్విచ్చు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే కుడి స్విచ్చే పోయి ఉండేది. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. ఆయన చెవిని నేను దేవుడంతగా నమ్మానంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఈ ఏడు నాకు ఆ పెట్టె ఒకటి సొంతంగా చేసుకోవాలన్న పిచ్చి పట్టింది. ప్లైవుడ్డు నాది, రంపం నాది, పెట్టె రెండు ఆదివారాల్లో లేచి నిలబడింది. బాపట్లలో ఉండే మా తోడల్లుడు శ్రీకర్ పాత మానిటరు తెచ్చి, లోపలి బోర్డూ గేములూ సర్దిపెట్టాడు. వచ్చిన చిక్కంతా జాయ్‌స్టిక్కు దగ్గరే. ఆన్‌లైన్లో చూస్తే వంద రకాలు. పైన గుండున్నవి, జామకాయ ఆకారంలోవి, గట్టి స్ప్రింగువి, మెత్తటివి. అది చేతికి కుదరకపోతే పెట్టెకి ఎన్ని రంగులు వేసి ఏం లాభం? ముందు రెండు తెప్పించాను. తెప్పించి, సంచీలో వేసుకుని, మా ఆవిడ దేవికని వెంటబెట్టుకుని రేపల్లె పాసింజరెక్కాను.

షుకూర్ బాబాయ్ ఇప్పుడు రేపల్లెలో కూతురు సాబిరా దగ్గర ఉంటున్నాడు. డెబ్బై నాలుగేళ్లు. పార్లరు మూతపడ్డాక కుట్టుమిషన్ల రిపేర్లలోకి దిగాడు. గుమ్మం మీద "షుకూర్ మెషిన్ రిపేర్లు" అని బోర్డుంది. లోపల సాబిరా బట్టలు కుడుతుంది, తండ్రికి పనిలో సాయం చేస్తుంది. నా ఈడుదే. నన్ను గిరన్నా అంటుంది.

ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడతారు. మిషన్ల చప్పుడులో అలవాటైందేమో అనుకున్నాను. టీ తాగుతూ సాబిరా నాతో ఒక మాట అంది.

"గిరన్నా, భట్టిప్రోలులో మీ ఫ్రెండు అజయ్ బాబు గారు నైటీలు కుట్టే యూనిట్టు పెట్టారు కదా. మిషన్లు చూడ్డానికి అబ్బాజాన్‌ని రమ్మంటున్నారు. ఆయన బస్సులెక్కి తిరగలేరు, నేనొస్తానండీ అన్నాను. నవ్వేశారు. మీ నాన్నగారి చెయ్యి వేరమ్మా అన్నారు."

"నేను చెబుతాలే" అన్నాను.

"ఊరికే చెప్పొద్దన్నా. ఆ పని నాకు కావాలి. ఎన్నాళ్లని జాకెట్లు కుట్టను?" అంది. ఆ మాట అంటున్నప్పుడు తండ్రి వైపు చూడలేదు.

తర్వాత నేను స్టిక్కులు బయటికి తీశాను. బాబాయ్ మొదటిది చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. సాబిరా మిషను తొక్కడం ఆపింది. ఆయన ఓ క్షణం ఆగి, "స్ప్రింగు మెత్తన. వద్దు" అన్నాడు. రెండోది ఎర్ర గుండుది, నాకు బాగా నచ్చింది. దాన్నీ తిప్పాడు. "ఎడం వైపు స్విచ్చు నొక్కుకుంటోంది గాని వెంటనే వదలట్లేదు. వద్దు" అన్నాడు. ఆహా! నా ఒళ్లు పులకరించింది. ఎంత పెద్దవాడైతేనేం, అదే చెవి!

తిరుగు రైల్లో వేమూరు దాటాక దేవిక నోరు విప్పింది.

"ఏవండీ, ఆయనకి వినపడట్లేదు."

"ఏంటి?"

"ఆయన స్టిక్కు వంక చూడట్లేదు. ఆ అమ్మాయి మొహం వంక చూస్తున్నారు. ఆ అమ్మాయి విని, పెదవులు కదిలిస్తోంది. ఈయన పైకి చెబుతున్నారు. ఇరవై ఏళ్లుగా రెండో తరగతికి పాఠాలు చెబుతున్నాను. పక్కవాడి మొహం చూసి జవాబు చెప్పేవాణ్ణి కనిపెట్టలేనా?"

నాకు ఎక్కడలేని మంటా వచ్చింది. రైలని కూడా చూడకుండా అరిచాను. మా గురువుగారిని పట్టుకుని రెండో తరగతి పిల్లాడితో పోలుస్తావా అన్నాను. ఎదురు సీటాయన లేచి అవతలికి వెళ్లిపోయాడు. దేవిక మాత్రం తాపీగా, "సరే, ఆ అమ్మాయి లేనప్పుడు ఓసారి చూపించండి" అంది.

చూపిస్తాను, చూపించకుండా వదులుతానా! మరో నాలుగు స్టిక్కులు తెప్పించాను. వాటి మధ్యలో, వద్దన్న ఆ ఎర్ర గుండుదాన్నే పెట్టాను. గుండు విప్పేసి నల్లది బిగించాను, పైకి ఎవరూ ఆనవాలు పట్టకుండా. ఆయన దాన్ని మళ్లీ వద్దంటాడు, దేవిక నోరు మూతపడుతుంది, ఇదీ నా లెక్క. సాబిరా బాపట్లలో పెళ్లికి వెళ్లిన రోజు చూసి కారు మాట్లాడుకుని రేపల్లె వెళ్లాను. బాబాయ్‌ని తెనాలి తీసుకొచ్చి, కొట్టులో పెట్టె ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

ఆయన ఐదూ తిప్పాడు. ప్రతిసారీ తల తిప్పి గది మూలకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆఖరికి నల్ల గుండుదాన్ని పట్టుకుని, చెవికి ఆనించి, తల ఊపాడు.

"ఇది బిగించరా గిరీ. బాగుంది" అన్నాడు.

దేవిక గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, నేను ఎదురు అరిచేవాణ్ణి. సాయంత్రం ఆయన్ని రేపల్లెలో దింపి వచ్చాక అడిగింది, "ఇప్పుడేం చేస్తారు?"

"ఆయన ఏరిందే పెడతాను."

"పాడైందని తెలిసి కూడానా?"

"ఆయన చెయ్యి పెట్టి ఇదీ అన్నాక, కాదనడానికి నేనెవర్ని?" అన్నాను. పరీక్ష పెట్టి ఆయన్ని పడగొట్టిన దొంగను నేనే. ఆ సిగ్గు చంపేస్తోంది. ఇంకో స్టిక్కు బిగించానంటే ఆయన పరువు నా చేత్తో తీసినట్టే అనిపించింది. అదెంత తెలివితక్కువ పనో నాకు ఆదివారం నాడు గాని తెలిసిరాలేదు.

ఆదివారం పొద్దున పదకొండింటికి పార్లరు రోజుల నాటి స్నేహితులు పది పన్నెండు మంది కొట్టుకు వచ్చారు. అజయ్ బాబూ వచ్చాడు. షుకూర్ బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సాబిరా చెయ్యి పట్టుకుని దిగాడు. చప్పట్ల మధ్య ఆయనే స్విచ్చు నొక్కాడు. తెర వెలిగింది. చిన్న విమానం, ఎదురొచ్చే రాళ్లు, అంతే గేము. మొదటి ఆట అజయ్ బాబుకిచ్చాం.

విమానం ఎడమకి వెళ్లింది. స్టిక్కు వదిలేశాడు. అది ఇంకా ఎడమకే పోయింది. పోయి తెర అంచుకి అతుక్కుని, రాయి తగిలి పేలిపోయింది. మళ్లీ ఆడాడు. మళ్లీ అంతే. మూడోసారి కూడా పేలాక అజయ్ బాబు పకపకా నవ్వాడు.

"ఏంటి బాబాయ్, ఇది మీరు ఏరిందేనా? పోన్లెండి, వయసైపోయింది. మా మిషన్లకి ఇంకెవరినో చూసుకోవాలి కాబోలు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు వినపడిందో లేదో గాని, మొహాలు చూసి బాబాయ్‌కి అర్థమైంది. సాబిరా జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. రెండు వేళ్లతో స్టిక్కుని ఒక్కసారి తిప్పింది. నల్ల గుండు వంక చూసింది. నా వంక చూసింది. చచ్చాననుకున్నాను. ఒక్క టిక్కుతో అది ఏ స్టిక్కో, ఎవరు ఏం చేశారో మొత్తం పట్టేసిందని ఆ చూపులోనే తెలిసిపోయింది. ఒరే, ఏం చెవిరా అది!

"గిరన్నా, మరలు బిగించడం కూడా రాదా నీకు?" అని గట్టిగా అంది. "పక్కకి లాగి బిగించేశావు. అబ్బాజాన్ ఏరింది బంగారంలాంటి స్టిక్కు. పాడుచేశావు."

పచ్చి అబద్ధం. అజయ్ బాబు ముందు తనేంటో చూపించుకునే అవకాశాన్ని కాలదన్నుకుని తండ్రి పరువు కాపాడుతోంది. పాతికేళ్లుగా ప్లైవుడ్డుకి మరలు బిగిస్తున్న నన్ను పట్టుకుని అంత మందిలో ఆ మాట ఇంకెవరన్నా అనుంటే కొట్టు అదిరిపోయేది. "అవునమ్మా, నా తప్పే" అన్నాను. నా నోట ఆ మాట విని దేవిక నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమంటోందిరా?" అన్నాడు బాబాయ్.

"ఏం లేదు అబ్బాజాన్. గిరన్న బిగింపు సరిగా లేదంతే. పదండి, కూర్చుందురు గాని."

బాబాయ్ కదల్లేదు. పెట్టె మీద చెయ్యి వేసి, అంచులు తడిమాడు. మరలు తడిమాడు.

"వీడికి మరలు బిగించడం రాదంటే ఎవరు నమ్ముతారే? శుభ్రంగా బిగించాడు. స్టిక్కే మంచిది కాదు. ఏరింది నేను" అన్నాడు. తర్వాత మా అందరి వైపు తిరిగాడు. "నాకు వినపడదురా. మాట వినపడుతుంది, గట్టిగా అంటే. ఈ టిక్కులు వినపడవు. ఆ జనరేటరు పక్కన కూర్చుని కూర్చుని, మీరు నిక్కర్లేసుకుని వచ్చే రోజుల్లోనే పోయింది చెవి."

"అబ్బాజాన్, వద్దు" అంది సాబిరా.

"నువ్వు వద్దంటూనే ఉంటావు. నేనూ ఊరుకుంటూనే ఉన్నాను, హాయిగా ఉంది కాబట్టి." "పొద్దున్నే మీరెవరూ రాకముందు, తలుపులు మూసి, ఎత్తుపీట ఎక్కి ఆరు పెట్టెలూ ఈ సాబిరాయే చూసేది. ఏది పోయిందో చెప్పి బడికి పోయేది. మీరొచ్చాక నేను చెవి ఆనించి డాక్టరు వేషం వేసేవాణ్ణి. ఇప్పుడు కుట్టుమిషన్లకీ అంతే. పని దానిది. పేరు నేను తింటున్నాను."

నేనింక ఆగలేకపోయాను. "బాబాయ్, ఆ గుండు మార్చింది నేనే. మిమ్మల్ని పరీక్ష చేద్దామని… నన్ను చెప్పుతో కొట్టండి" అని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"మంచి పని చేశావురా. ముప్పై ఏళ్ల కిందట చేయాల్సింది" అన్నాడాయన. "మిగతా స్టిక్కులు తీసుకురా. దాని చేతికివ్వు."

తెచ్చిచ్చాను. దేవిక ఫ్యాను ఆపేసింది. వీధి తలుపు దగ్గరికి వేసింది. సాబిరా కొంగు బొడ్లో దోపుకుని, మొదటిది అందుకుంది. కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో మెల్లగా చుట్టూ తిప్పింది. "ఇది పైకి వదులు." పక్కన పెట్టింది. "ఇది బాగుంది గాని, మూలలకి వెళ్లదు." పక్కన పెట్టింది. అంతమంది మగాళ్లం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. మూడోదీ పక్కకి పోయింది. నాలుగోది తిప్పగానే కళ్లు తెరిచింది. "ఇది" అంది. స్క్రూడ్రైవరు నా జేబులోంచి తనే లాక్కుని, పాతది విప్పి, తీగలు మార్చి, కొత్తది కూర్చోబెట్టింది. నేను టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డాను. నా కొట్టులో, నా పెట్టెకి, అంత చక్కని పనితనం నేనెప్పుడూ చూడలేదు. ఈ మనిషి ఆ ఇంట్లోనే ఇన్నేళ్లుగా ఉంటే, మేం తండ్రి చెవికి దండాలు పెట్టామే అనిపించింది.

అజయ్ బాబు మళ్లీ ఆడాడు. విమానం ఎటు తిప్పితే అటు తిరిగింది, వదిలితే ఆగింది. పది నిమిషాలైనా చావలేదు. ఆఖరికి తనే స్టిక్కు వదిలేసి, బాబాయ్ దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాడు.

"బాబాయ్, మా యూనిట్టు పని సంగతి ఏం చేద్దామంటారు?"

"నాతో ఏంటి? మెకానిక్ అక్కడుంది. ఆవిణ్ణి అడుగు" అన్నాడు బాబాయ్.

అజయ్ బాబు ఇటు తిరిగాడు. నవ్వలేదు. "అమ్మా, రేపు సోమవారం రాగలరా? పద్నాలుగు మిషన్లున్నాయి" అన్నాడు.

సాబిరా చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా అలాగే ఉంది. తండ్రి వైపు చూసింది. ఆయన కావాలనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు అజయ్ బాబు కళ్లలోకి సూటిగా చూసి చెప్పింది.

"వస్తానండి. నేనొచ్చేసరికి మిషన్లన్నీ ఆపించండి. ఒక్కోటీ నేను వినాలి."