నది ఒడ్డున మా పిల్ల

నా నోటికి తాళం లేదని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. నిజమే, లేదు.

మా ఆయన రాగిరేకుల మీద బొమ్మలు చెక్కుతాడు. పుస్తకాలు వేసే ఆయనొకడు వచ్చి, నరకం మీద ఎప్పటిదో పాత కావ్యం మళ్లీ అచ్చు వేస్తున్నానని, అందులోకి ఒక బొమ్మ కావాలని అడిగాడు. చచ్చినవాళ్లంతా నల్లటి నది ఒడ్డున గుంపుగా నిలబడి పడవ కోసం ఏడుస్తుంటారు, పడవవాడు తెడ్డెత్తి అదిలిస్తుంటాడు. ఇంట్లో ఈ అశుభం పనేంటని సణిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నెలల తరబడి ఆ రేకు మీదే వంగి కూర్చున్నాడు.

చివరికి పని అయింది. మర్నాడు రేకు పట్టుకెళ్లిపోతారు. సరిచూసుకోవడానికి ఒక కాగితం మీద అచ్చు తీసి తాడుకి ఆరేశాడు. అన్నానికి పిలుద్దామని వెళ్లినదాన్ని ఆ కాగితం ముందు ఆగిపోయాను.

గుంపులో అందరికంటే ముందు, నీళ్ల అంచున, మా పిల్ల. కింది పెదవి పళ్లతో నొక్కిపట్టి, ఒక జడ ఊడిపోయి. భయమేస్తే అలాగే నిలబడేది. జ్వరంతో పోయేనాటికి దానికి ఏడేళ్లు. ఫొటో తీయిద్దాం, తీయిద్దాం అనుకుంటూనే ఉన్నాం, ఒక్కటీ లేదు.

కన్నకూతుర్ని తీసుకెళ్లి నరకంలో నిలబెడతావా, నీ చేతులు పడిపోను అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పటికిప్పుడు చెరిపెయ్యమన్నాను. ఎవరి మొహం చెక్కబోయినా చెయ్యి దాని మొహమే గీసిందట. మిగతావన్నీ మార్చాడట, ఇదొక్కటీ ఆయన వల్ల కాలేదట. రేకు గోకే కత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే గోకెయ్యి. కానీ ఇది పోతే మళ్లీ నాకు రాదు. దాని మొహం మర్చిపోతున్నానే," అన్నాడు.

నేనూ మర్చిపోతున్నానని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కత్తి పట్టుకుని రేకు మీదికి వంగాను. రాగిలో బొమ్మంతా అద్దంలోలా తిరగబడి ఉంది, ఊడిన జడ అవతలి వైపుకి వచ్చింది. వెనక అంతమంది ఏడుస్తున్నారు, దాని పక్కన మాత్రం ఎవరూ లేరు. చీకటి గది దాటాలన్నా నేను తోడు రావాల్సిందే దానికి. అలాంటిది అక్కడ ఒక్కతే నిలబడి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

కత్తి ఆయనకి తిరిగిచ్చేశాను. కిటికీ దగ్గర వెలుతురులోకి బల్ల లాక్కుని కూర్చున్నాను.

"దాని పక్కన చోటుంది కదా. నన్ను చెక్కు."

ఆయన మెల్లగా, "అది నరకం," అన్నాడు.

"తెలుసు. దాని చెయ్యి పట్టుకున్నట్టు చెక్కు."